గట్టు మీద అల్లుడు

మొన్న ఒక కంపెనీ తరఫున ఒక పిల్ల మా ఇంటికి వచ్చింది. వాళ్ల ఉద్యోగులంతా నెలకొకరోజు కార్లూ మోటారు సైకిళ్లూ మానేసి, సైకిలు మీదనో నడిచో పనికి రావాలని కొత్తగా నియమం పెట్టుకున్నారట. గాలి బాగుపడుతుందట. నాలాంటి ముసలివాళ్ల చేత రెండు మంచి మాటలు చెప్పించి ఫోనులో పట్టుకుపోతే కుర్రవాళ్లకు హుషారుగా ఉంటుందట.

"ఎట్టొచ్చినావమ్మా?" అని అడిగాను.

"కార్లో తాతా. డ్రైవరు బయటే ఉన్నాడు, ఏసీ వేసుకుని."

తప్పు ఆ పిల్లది కాదు. కిందటి వారం వాళ్ల ప్రారంభోత్సవం నా కళ్లతో చూశాను. సైకిళ్లన్నీ ఒక చిన్న లారీలో వచ్చాయి. పెద్దలు కార్లలో వచ్చారు. కార్లు సరివి చెట్ల తోపు చాటున ఆపి, అందరూ ఒకే రంగు బనియన్లు తొడుక్కుని, సైకిళ్లెక్కి కంపెనీ గేటు దాకా తొక్కారు. ఫొటో తీశారు. సైకిళ్లు మళ్లీ లారీ ఎక్కాయి. తొక్కినవాళ్లకు ఆయాసం వచ్చిందని కొబ్బరి బోండాలు కొట్టించారు. లోకానికి ఇంత ఉపకారం చేసిన అలసట వాళ్ల మొహాల్లో సాయంత్రం దాకా ఉండి ఉంటుంది.

"మీ రోజుల్లో బండ్లు ఉండేవి కాదు కదా తాతా. అందుకే అందరూ నడిచేవాళ్లు, పడవల్లో వెళ్లేవాళ్లు. అదే చెప్పండి, చాలు," అంది ఆ పిల్ల.

నాకు ఒళ్లు మండింది.

"లేక కాదమ్మా. మాకు వ్యాను ఉండింది. ఇంటి ముందర నిలబడి హారను కొట్టే వ్యాను. దాన్ని ఎక్కబాకండని ఒక్కసారి కూడా అనకుండా, కొన్నేళ్లు మమ్మల్ని దాన్లోకి ఎక్కనీయకుండా చేసిన మనిషి ఒకాయన ఉండినాడు."

ఆ మాట ఫోనులోకి ఎక్కిందో లేదో తెలియదు. పిల్ల మజ్జిగ తాగి, కారెక్కి వెళ్లిపోయింది. ఆయన మాత్రం వెళ్లలేదు. మూడు రోజులుగా నా మంచం పక్కనే తిరుగుతున్నాడు. అందుకని రాస్తున్నాను.

ఆయన మా పెద్ద రైటరు. గుమస్తాలను మా పక్క అప్పట్లో రైటర్లనేవారు. కృష్ణపట్నానికి ఇవతల కాలవ పక్కన ఒక షావుకారుకు ఉప్పు కొఠారు ఉండేది. అంటే ఉప్పు పండే కయ్యలూ, రాశులూ, తూకం పాకా, ఒక పెంకుటింటి ఆఫీసూ. దానికంతటికీ షావుకారు తరువాత ఈయనే. నేను తూకం గుమస్తాను. బడిలో చదివింది కొంచెమే. తక్కిన చదువంతా పొట్లాల కాగితాల మీదా, పడవలో ఆయన పైకి చదివిన పేపరు వల్లా వచ్చింది. ఆయన పేరు రాయను. మేమెవరమూ ఆయన్ను పేరు పెట్టి పిలిచి ఎరగం. ఇప్పుడు కొత్తగా పిలిస్తే ఇంకెవరో పలుకుతారని నాకు అనుమానం.

సంగం పక్క రైతుబిడ్డ. వరిమడి గట్ల మీద నడక నేర్చినవాడు కనక, ఎంత వెడల్పు రోడ్డయినా ఒక పాదం ముందర ఒక పాదం వేసి, సన్నటి గీత మీద పోతున్నట్టు నడిచేవాడు. చంకలో ఎప్పుడూ ఒక గొడుగు. ఎండకు తెరవడు, వానకు తెరవడు. పడవ రేవుకు తగిలేటప్పుడు గట్టును నెట్టడానికీ, కుక్కల్ని పలకరించడానికీ, దూరాన కొంగల్ని చూపించడానికీ దాన్ని వాడేవాడు. పడవ ఎక్కేముందు చెప్పులు విడిచి చేతిలో పట్టుకునేవాడు. ఆఫీసులోకి మాత్రం చెప్పులతోనే నడిచి వెళ్లేవాడు. దీనికి కారణం అడిగితే, "పడవ మోస్తుంది గదా మనల్ని. ఆఫీసు మోస్తుందా?" అన్నాడు ఒకసారి.

అందరూ బాగున్నావా అని పలకరిస్తారు. ఆయన పలకరింపు, "ఎట్టొచ్చినావు?"

కొత్తవాళ్లు దీనికి తికమకపడేవారు. మన పక్క ఆ మాటకు ఏం పని మీద వచ్చావనే అర్థం. ఒకసారి మద్రాసు నుంచి లెక్కలు చూసే అధికారి వచ్చాడు. ఇంకా కుర్చీలో సర్దుకోలేదు, పెద్ద రైటరు చేతులు కట్టుకుని వినయంగా అడిగాడు.

"ఎట్టొచ్చినారు సార్?"

అధికారి మొహం మారింది. "తనిఖీకి."

"అది గాదు సార్. ఎట్టొచ్చినారంటా."

"పైనుంచి పంపితే వచ్చినాను."

"పంపినారు, సరే. ఎట్టా?"

అధికారి లేచి నిలబడేటట్టున్నాడు. బంట్రోతు వెనకనుంచి వంగి, "బండా, పడవా, నడకా అని అడగతుండారు సార్," అని చెవిలో చెప్పాడు.

"ఓ. జీపు."

పెద్ద రైటరు నిజంగా బాధపడ్డాడు. "అయ్యో. అయితే దారిలో ఏమీ చూసుండరు. పొయ్యేటప్పుడు పడవలో పోండి సార్."

ఆ అధికారి వెళ్లేటప్పుడు పడవలోనే వెళ్లాడు. భయపడి వెళ్లాడో ముచ్చటపడి వెళ్లాడో మాకు తెలియలేదు.

ఎట్టొచ్చినావు తరువాత రెండో ప్రశ్న ఎప్పుడూ, "ఏం చూసినావు?" దానికి జవాబు ఉండాలి. కాలవ లాకు దగ్గర నీళ్లు దిగినాయనో, కొంగలు కయ్యల్లోకి వచ్చేసినాయనో, గాలి ఉత్తరానికి తిరిగిందనో. ఉప్పు పండించేచోట ఇవి ఊసుపోక మాటలు కావు. గాలి తిరిగితే రాశుల మీద తాటాకు కప్పాలి. అయినా ఆయన అందుకోసమే అడిగేవాడని నేను అనుకోను. మనిషి ఇంటినుంచి పనికి వచ్చేటప్పుడు మధ్యలో ఉన్న లోకాన్ని పారేసుకుని రాకూడదని ఆయనకు ఒక పట్టుదల. వ్యాను వచ్చాక మా అకౌంటెంటు ఒకరోజు చిరాకుగా, "వ్యాన్లోంచి ఏం కనపడతాదండీ, ముందు కూచున్నోడి మెడ తప్ప?" అన్నాడు. పెద్ద రైటరు ఆలోచించి, "సరే, ఆ మెడ ఎట్టుంది?" అని అడిగాడు.

ఇక వ్యాను సంగతి. అంతకుముందు మేమందరం మా ఊరి లాకు దగ్గర పొద్దున్నే పడవెక్కి కొఠారుకు పోయేవాళ్లం. పడవాయన కొడుకు గట్టు మీద తాడు పట్టి లాగేవాడు, గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవాళ్లు. దారిలో ఒక పట్టపుపాళెం, అంటే చేపలు పట్టేవాళ్ల పల్లె, దాని రేవు. అక్కడ ఉప్పు మోసే ఆడవాళ్లు గంపలతో ఎక్కేవారు. పడవ షావుకారుది, ఆఫీసు వాళ్ల కోసం పెట్టింది. ఆడవాళ్లు అందులో ఎక్కడం ఎవరూ ఇచ్చిన హక్కు కాదు, ఎవరూ కాదనని అలవాటు. పడవ లేకపోతే వాళ్లు ఇసకలో నడిచి, మధ్యలో ఉప్పుటేరు దాటాలి. పోటు వేళ అది నడుము దాకా వస్తుంది. పాళెం ఆడవాళ్లకు పెద్ద దిక్కు పోలమ్మ అని ఒకామె ఉండేది. పడవ పెట్టకముందు ఆమె చెల్లెలు ఆ ఏటిలోనే కొట్టుకుపోయింది. పడవ ఆ ఏటి మొగను దాటేటప్పుడు పోలమ్మ ఎంత గట్టిగా మాట్లాడుతున్నా ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలుపెట్టేది.

షావుకారు చెడ్డవాడు కాదు. లోభి కూడా కాదు. కొత్త వస్తువంటే మోజు. ఎక్కడో పాత మిలిటరీ వ్యాను ఒకటి కొని, ఆకుపచ్చ రంగు కొట్టించి, ఆఫీసు వాళ్లందరినీ ఇళ్ల దగ్గర ఎక్కించుకు రమ్మని డ్రైవరును పెట్టాడు. ఇక పడవ దండగన్నాడు. పెద్ద రైటరు లోపలికి వెళ్లి చాలాసేపు మాట్లాడాడు. షావుకారు గొంతు మాకు బయటికి వినిపించింది.

"సరేనయ్యా. నా ఆఫీసోళ్లు ఎక్కినన్నాళ్లు పడవ నడస్తాది. ఎక్కకపోతే ఆపేస్తా. కూలోళ్ల కోసం పడవేంది, వాళ్లకి కాళ్లుండాయి గదా. ఇంకో మాట. ఎవుర్నీ నువ్వు బలవంతం చెయ్యబాక."

ఆయన బయటికి వచ్చి, షావుకారు గది గుమ్మంలో విడిచిన చెప్పుల్లో కుడిచెప్పు ఎడమకాలికీ ఎడమచెప్పు కుడికాలికీ తొడుక్కుని కయ్యల వైపు వెళ్లిపోయాడు.

మరునాడు పడవలో ఆయనా, నేనూ, బంట్రోతూ. తక్కినవాళ్లంతా వ్యానులో. పడవ లాకు దాటగానే ఆయన గొంతు సవరించుకుని, ఎవరూ అడగకుండానే, "ఒకూళ్లో ఒక కొత్త అల్లుడుండినాడు," అన్నాడు.

ఆ అల్లుడు మొట్టమొదటిసారి అత్తగారింటికి బయల్దేరాడు. అత్తగారి ఊరు సముద్రం పక్కన. అల్లుడొస్తున్నాడని కబురు అంది, అత్తగారు చేపల పులుసు పొయ్యి మీద పెట్టింది. అల్లుడు కొత్త చొక్కా తొడిగి, కొత్త చెప్పులు వేసుకుని, గడప దాటాడు. పొలిమేరలో కొత్త చెప్పు కరిచింది. విప్పి పక్కన పెట్టి పాదం నలుపుకుంటున్నాడు. ఒక కుక్క వచ్చి ఒక చెప్పు నోట కరుచుకుంది. సరిగ్గా అప్పుడు పడవ కొఠారు రేవుకు తగిలింది. పెద్ద రైటరు గొడుగుతో గట్టును నెట్టి, "మిగతాది రేపు పడవలో," అని దిగిపోయాడు.

మధ్యాహ్నం అన్నాల వేళకు బంట్రోతు ఈ కుక్క సంగతి ఆఫీసంతా చెప్పేశాడు. అకౌంటెంటు నవ్వుతూ అడిగాడు.

"చెప్పు దొరికిందాండీ?"

"పడవలో చెప్తా."

"ఇప్పుడు చెప్తే ఏమి?"

"ఇది పడవా?"

అంతకుమించి ఒక్క మాట రాల్చలేదు. మరునాడు పడవలో ఇద్దరు పెరిగారు. వారం తిరిగేసరికి చోటు కోసం సర్దుకోవలసి వచ్చింది. వ్యాను అకౌంటెంటు ఒక్కడినే ఎక్కించుకుని, ధూళి లేపుకుంటూ వచ్చేది. ఆయనకు మోకాళ్ల నొప్పి. ఆయన కోసం పెద్ద రైటరు పడవలో ఒక పరుపుముక్క వేయించి, "మోకాళ్లు చాపుకోవచ్చు. వ్యాన్లో ముడుచుకోవాల గదా," అని ఒక్కసారే అన్నాడు. మర్నాటికి మోకాళ్లు పడవలోకి వచ్చాయి. కడకు వ్యాను డ్రైవరు కూడా ఒకరోజు వ్యానును లాకు దగ్గర నిలిపేసి పడవలోకి దూకాడు. "గాడిద సంగతి ఏందో తేలాల," అన్నాడు. అప్పటికి అల్లుడు గాడిద ఎక్కి ఉన్నాడు. షావుకారు డ్రైవరును ఆ రోజు కడిగేశాడని వేరే చెప్పనక్కరలేదు.

ఆ కథ ఎన్నాళ్లు సాగిందంటే, మాలో ఇద్దరికి పెళ్లిళ్లయి పిల్లలు పుట్టారు. అల్లుడు మాత్రం చేరలేదు. బండెక్కితే ఇరుసు విరిగేది. గాడిద ఎక్కితే అది వచ్చిన దారినే తిరిగి నడిచేది. ఎవరి పల్లకీలోనో దూరితే, అది వేరే పెళ్లికొడుకు పల్లకీ. దిగి నడిచినప్పుడల్లా కాస్త ముందుకు జరిగేవాడు.

పాళెం ఆడవాళ్లు ఎక్కాక కథ గట్టిపడేది. ఆయన వాళ్లకూ మాకూ మధ్య అడ్డపలక మీద కూర్చుని, ఇటూ అటూ తిరుగుతూ చెప్పేవాడు.

"ఏం రైటరయ్యా, నీ అల్లుడికి కాళ్లుండాయా లేవా?" అనేది పోలమ్మ. "మా ముసిలోళ్లు ఈపాటికి తిరపతికి పొయ్యి గుండు గొట్టించుకొని వచ్చుందురు."

"తొందరేందమ్మా? కొత్తల్లుడు. బెట్టు చెయ్యాల గదా."

"నువ్వు బెట్టు చేయించినంతసేపు చేస్తే పెళ్లానికి పండ్లూడిపోతాయి."

"పొయ్యి మీద పులుసు ఏమైందమ్మా? ఇన్నాళ్లకి కంపు గొట్టలా?" అని ఇంకొకామె అందుకునేది.

"మామిడికాయ వేసిన పులుసు. నిలవుండే కొద్దీ రుచి," అనేవాడు పెద్ద రైటరు.

"ఇంతకీ ఏం చేప?"

"బొమ్మిడాయిలు."

పడవ ఒరిగిపోతుందేమోనన్నంతగా నవ్వారు ఆడవాళ్లు. పోలమ్మ కళ్లు తుడుచుకుంటూ, "సముద్రం గడపలో పెట్టుకొని ఆ యమ్మ ఏటి చేప వండిందా? వరిమళ్లోడి అత్త అనిపించుకునింది. నీ ఊళ్లో అట్ట వండతారేమో, మా పక్క అల్లుడు విస్తరి ముందర్నించి లేచిపోతాడు," అంది.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మరునాడు పడవ పాళెం రేవుకు రాగానే, అడక్కముందే, "అత్త తన పొరపాటు తెలుసుకునింది. ఆ పులుసు పక్కింటికి ఇచ్చేసి, వంజరం తెప్పించి మళ్లీ పెట్టింది," అన్నాడు. అత్తగారి పులుసు మళ్లీ మొదటినుంచి మొదలు. పోలమ్మ తల ఊపి, "ఇప్పుడు రానీ వాణ్ణి," అంది.

ఈ కథంతా పడవ కోసమేనని, ఆ పడవ ఎవరి కోసమో కూడా మాలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. అంటే కథ చెడిపోతుందని మాకు భయం.

చెడిపోయింది వేరే విధంగా. కంకర రోడ్డు పడింది. ఒక గాలివానకు సరివి చెట్లు కాలవలోకి కూలాయి, ఇసక మేట వేసింది. పడవ అక్కడక్కడా ఒరుసుకుంటూ ఆలస్యంగా చేరేది. మావాళ్లకు వయసు వచ్చింది, సంసారాలు వచ్చాయి, పొద్దున నిద్ర తీపి తెలిసింది. ఒకాయన వర్షమని వ్యానెక్కాడు, వర్షం వెలిసినా దిగలేదు. ఇంకొకాయన పిల్లాడికి జ్వరమన్నాడు. పెద్ద రైటరు ఎవరినీ ఒక మాట అనలేదు. ఎవరు రాకపోతే వాళ్లు కూర్చునే చోట తన గొడుగు పెట్టేవాడు. ఇద్దరు రాకపోతే ఒక చోట గొడుగు, ఒక చోట చెప్పులు. తరువాత పెట్టడానికి ఆయన దగ్గర ఏమీ మిగల్లేదు.

కడసారి ఆ పడవ నడిచిన రోజు మేము మూడుచోట్ల దిగి నెట్టాం. ఆడవాళ్లు గంపలు గట్టున పెట్టి వాళ్లూ నెట్టారు. ఆ రోజు అల్లుడు ఎట్టకేలకు కాలవ గట్టుకు చేరాడు. అవతలి గట్టునే అత్తగారిల్లు. ఇంటి మీదుగా పొగ లేస్తున్నది. పులుసు వాసన నీళ్ల మీదుగా వస్తున్నది. గడపలో ఒక పిల్ల చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని ఇటే చూస్తున్నది. అల్లుడు చెప్పులు విడిచి చేతిలో పట్టుకున్నాడు. పడవ కోసం కేకవేశాడు. అంతలో మా పడవ రేవుకు తగిలింది.

"మిగతాది రేపు," అన్నాడు ఆయన.

ఆ సాయంత్రమే షావుకారు, "కాలవ తవ్వించేదానికి నావల్లగాదు. చాలు," అని పడవను గట్టెక్కించేశాడు.

మరునాడు వ్యాను పెద్ద రైటరు ఇంటి ముందర హారను కొట్టింది. లోపల ఆయన లేడు. చీకటి విడకముందే నడిచి పాళెం రేవుకు పోయి, ఆడవాళ్లతో కలిసి ఉప్పుటేరు దాటి వచ్చాడు. ఆయన జాడ తెలిసి రెండో రోజు నుంచి నేనూ వెంట పోయాను. చెప్పులు నెత్తిన, గొడుగు చంకన, పంచె తొడల దాకా ఎగ్గట్టి, ఆ గట్టు మీద నడకతోనే నీళ్లలో నడిచేవాడు. ఎంత ఎగ్గట్టినా తడిసేది. తడిసిన పంచెతోనే వెళ్లి షావుకారు గదిలో, ఆయనకు ఎదురుగా, తన కుర్చీలో కూర్చునేవాడు. నీళ్లు నేల మీద కారి మడుగు కట్టేవి. షావుకారు చూసేవాడు. ఏమీ అడిగేవాడు కాదు. అడిగితే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

ఒక పోటు రోజున ఏటి మధ్యలో పోలమ్మ కాలు జారింది. నేను పక్కన లేను, వెనకబడి ఉన్నాను. పెద్ద రైటరు గొడుగు వంకీ ఆమె వైపు చాచాడు. ఆమె దొరకబుచ్చుకుంది. ఇద్దరూ ఇటు వచ్చారు, గొడుగు అటు పోయింది. గట్టెక్కి, దగ్గూ నవ్వూ కలిసిపోయి, పోలమ్మ అంది:

"పోనీలే రైటరయ్యా. ఉండి మాత్రం ఏం లాభం, ఒక్కనాడైనా తెరిచిన పాపాన పోలేదు."

ఆయన నవ్వలేదు. నడిచినంతసేపూ ఖాళీ చంకను తడుముకుంటూనే ఉన్నాడు.

ఆ రోజు నేను తూకం చీటీలు ఇవ్వడానికి వెళ్లి షావుకారు గదిలో నిలబడి ఉన్నాను. షావుకారు మొదట మడుగును చూశాడు. తరువాత ఆయన చంక వైపు చూశాడు.

"గొడుగేదయ్యా?"

"పోయిందండి."

షావుకారు కలం కింద పెట్టాడు. ఏళ్ల తరబడి ఆ ఆఫీసులో అందరినీ పెద్ద రైటరు అడగగా విన్న మాట, ఇక తప్పించుకోలేక, తన నోటితో అడిగాడు.

"ఎట్టొచ్చినావు?"

పెద్ద రైటరు లేచి నిలబడ్డాడు.

"ఏటిలో నడిచొచ్చినానండి. మనోళ్లతో."

"మనోళ్లెవురు?"

"మీ ఉప్పు మోసేవోళ్లు."

"నీకు వ్యాను ఉండాది గదా."

"నాకుండాది."

కిటికీలోంచి ఉప్పు తోసే పలకల చప్పుడు వినిపిస్తున్నది. కడకు షావుకారే, మొహం చిట్లించుకుని, రెండో ప్రశ్న కూడా అడిగాడు.

"ఏం చూసినావు దారిలో?"

"అది నేను చెప్పేది గాదండి. రేపు మీరు రండి. నడిచి."

షావుకారు వచ్చాడు. పట్టు అంచు పంచె, వేళ్లకు ఉంగరాలు. ఏటి గట్టున నిలబడి, ఆడవాళ్లు ఒకరి కొంగు ఒకరు పట్టుకుని వరసగా దిగడం చూశాడు. తాను దిగలేదు. పోలమ్మ అవతలి గట్టు నుంచి, "దిగండయ్యా, నీళ్లు సల్లంగుండాయి," అని కేకవేసింది. వానలు రాకముందే ఆ ఏటి మీద తాటిదుంగలు పరిచి, పక్కన పట్టుకోవడానికి వెదురు కట్టించాడు. ఆ దుంగలను చాలా ఏళ్లు అందరూ షావుకారు వంతెన అనే పిలిచారు. పెద్ద రైటరు కూడా.

ఆడవాళ్లు పొడికాళ్లతో వచ్చారు. పడవ మాత్రం రాలేదు. కథా రాలేదు.

తరువాత నేను ఒక సైకిలు సంపాదించాను. తిరిగి వచ్చేటప్పుడు ఆయన వెనక కారియర్ మీద కూర్చునేవాడు. పేపరు సంగతులు చెప్పేవాడు, కొంగల సంగతులు చెప్పేవాడు. నేను ఉండబట్టలేక, "అల్లుడేమైనాడండీ?" అంటే, వీపు మీద వేలితో పొడిచి, "ఇది పడవా?" అనేవాడు. పోలమ్మ కొఠారులో ఎదురుపడినప్పుడల్లా కనుబొమలు ఎగరేసి అడిగేది. ఆయన కాలవ వైపు చెయ్యి చూపించి వెళ్లిపోయేవాడు.

ఉద్యోగం మానుకుని ఆయన సంగం వెళ్లిపోయాడు. జబ్బుపడ్డాడని కబురు తెలిసి నేను చూడబోయాను. వసారాలో నులకమంచం మీద ఉన్నాడు. ఒంట్లో మనిషి మిగల్లేదు, కళ్లు మాత్రం ఉన్నాయి. నన్ను చూసి అడిగింది ఏమిటో మీకు తెలుసు.

"సైకిల్లో," అన్నాను.

"సంగం దాకానా?" సంతోషపడ్డాడు. "ఏం చూసినావు?"

చెప్పాను. పెన్నలో అక్కడక్కడా ఇసక తేలిందన్నాను. ఆనకట్ట దగ్గర నీళ్లు దూకుతున్నాయన్నాను. గట్ల మీద నాట్లు వేసేవాళ్లు టీ తాగుతున్నారన్నాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. కాసేపటికి, "మన కాలవ?" అన్నాడు.

"పడవను బోర్లించి పెట్టుండారండి. దాని నీడన ఎవరో మేకల్ని కట్టేసుండారు."

"మేకలెక్కినాయా?" నవ్వాడు. నవ్వు దగ్గయింది. "పోనీలే. ఎవురో ఒకరు ఎక్కితే సరి."

వెళ్లేముందు వంగి చెప్పాను. "పోలమ్మ అడిగి రమ్మనింది. అల్లుడు గట్టు మీదనే ఉండాడా అని."

"ఉండాడు."

"పొగ?"

"వస్తుండాది."

"ఈదకూడదా మరి? అవతలి గట్టే గదా."

"కొత్త చొక్కా గదయ్యా."

"మరెట్టా?"

ఆయన నన్ను చూశాడు. చెయ్యి చంక దగ్గరికి పోయి, లేని గొడుగును సర్దుకుంది.

"పడవ రానీ," అన్నాడు.

ఎంతోకాలం కాలేదు, పోయాడు. కొఠారులో పోలమ్మకు నేనే చెప్పాను, ఆయన కడమాట కూడా చెప్పాను. ఆమె గంప దించి, ఉప్పు రాశికి ఆనుకుని కూర్చుంది. "అయితే పులుసు దించబాకమ్మా అని ఆ అత్తకి ఎవురన్నా చెప్పాల," అంది. గంప ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ కొఠారు ఇప్పుడు లేదు. కాలవలో జమ్ము పెరిగింది. నేను సాయంకాలాలు లాకు దాకా నడిచి పోతాను. నన్ను ఎట్టొచ్చినావని అడిగేవాళ్లెవరూ అక్కడ లేరు. అవతలి గట్టు మీద దూరంగా పొగ లేస్తూ ఉంటుంది. బొగ్గు కాల్చి కరెంటు తీసే గొట్టాల పొగ అది, ఆకాశంలో సగం ఆక్రమించి, రాత్రీ పగలూ వస్తూనే ఉంటుంది. ఏ అత్తగారి పొయ్యిదీ కాదు. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మండిందని వెంటనే తిరిగి రాను. చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని, కాసేపు ఆ గట్టు మీదనే నిలబడతాను.